పాత వాహనాలు – మన వారసత్వం

పాఠ్యభాగ ఉద్దేశం

పాతకాలపు వాహనాలపై మనుషులకు ఉండే మమకారాన్ని, వాటిని సేకరించి కాపాడటంలోని ఆనందాన్ని, ఆ ఆనందం వెనుకనున్న బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

అశోక్‌నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదివే యువకులు, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వచ్చే పాఠకులు, నారాయణగూడ కళాశాలల విద్యార్థులు నిత్యం ఆర్.టి.సి. చౌరస్తా మీదుగా రాకపోకలు సాగిస్తూ ఉంటారు. ఆ చేరువలోనే రోడ్డు రవాణా సంస్థ ప్రధాన కార్యాలయమైన బస్‌భవన్ ఉంది. దాని ఆవరణలో 1932 నాటి ఆల్బియన్ బస్సును భద్రపరిచారు. స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి చెందిన కంపెనీ తయారుచేసిన వాహనమది. నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. ఆ తొలినాళ్ళకు ఈ బస్సు సాక్షి. నేడది ఎవరినీ ఎక్కించుకోదు, ఏ ఊరికీ పోదు. అయినా దానిని కాపాడుతున్నారు. పనికిరాని వస్తువును కాపాడటం దేనికి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు సాగుదాం.

మనిషి జ్ఞాపకాలు గాలిలో నిలువవు. వాటికొక ఆధారం కావాలి. తాతగారి చేతికర్ర, అమ్మమ్మ వాడిన కుంకుమభరిణె అలాంటి ఆధారాలే. వాహనానికి ఈ శక్తి మరింత ఎక్కువ. అది ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెడుతుంది. పెళ్ళికీ తీసుకుపోతుంది, ఆసుపత్రికీ తీసుకుపోతుంది. హైదరాబాదులో పెరిగిన మా తరంవారికి రెండంతస్తుల బస్సు పేరు వింటేనే పైఅంతస్తు ముందు వరుస, ముఖానికి కొట్టే గాలి, కిందికి వంగి చూస్తే కనిపించే చెట్లకొమ్మలు గుర్తుకు వస్తాయి. ఆ బస్సులు నగరవీధులనుండి తొలగిపోయిన చాలాకాలానికి, 2023లో, విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులు వచ్చాయి. చూడముచ్చటగానే ఉన్నాయి. కాని అవి కొత్త బస్సులు. మా బాల్యాన్ని ఎక్కించుకొని వెళ్ళినవి తిరిగి రాలేదు.

ఈ మమకారం ఏ ఒక్క దేశానికో పరిమితమైనది కాదు. అమెరికాలో 1960వ దశకంలో ‘మజిల్ కార్లు’ అనే బలిష్ఠమైన కార్లు యువతను ఉర్రూతలూగించాయి. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ కారు ఇంజను సామర్థ్యం సుమారు 6.4 లీటర్లు. మన అంబాసిడర్ చిరకాలం నడిచింది సుమారు 1.5 లీటర్ల ఇంజనుతో అని గుర్తుచేసుకొంటే ఆ బలం ఎంతటిదో బోధపడుతుంది. అయితే ఆ వైభవం పదేళ్ళు కూడా నిలువలేదు. బీమా రుసుములు పెరిగాయి. 1970లో వాయుకాలుష్యాన్ని అరికట్టే కఠినమైన చట్టం వచ్చింది. 1973 నాటి చమురు సంక్షోభంతో పెట్రోలు ప్రియమైంది. ఒకనాడు గర్వకారణమైన కార్లు అగ్గువకు అమ్ముడుపోయాయి. అప్పుడు కొందరు మాత్రం వాటిని వదులుకోలేదు. కొట్టాల్లో దాచుకొన్నారు, విడిభాగాలకోసం ఊరూరా తిరిగారు. నేడు డెట్రాయిట్ ప్రాంతంలోని వుడ్‌వార్డ్ అవెన్యూలో 1995లో మొదలైన ఆగస్టు మాసపు ఉత్సవానికి అటువంటి కార్లు బారులు తీరి వస్తున్నాయంటే అది ఆ కొందరి పుణ్యమే.

మన నగరంలోనూ అపురూపమైన వాహనాలు ఉన్నాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకొన్న పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు దర్శనమిస్తున్నది. వెనుక సీటును సింహాసనంవలె ఎత్తుగా అమర్చిన ఆ కారులో రాజదర్పం ఉట్టిపడుతుంది. 1911లోనే కన్నుమూసిన ఆ ప్రభువుకు దానిలో ఊరేగే భాగ్యం కలుగలేదు. అయినా రాజుగారి బండి కనుక అది నిలిచింది. మరి సామాన్యుని బండి సంగతి ఏమిటి?

మా చిన్నతనంలో చిక్కడపల్లిలో మా యింటి ఎదుట ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకొక పాత ఫియట్ కారు ఉండేది. ప్రతి ఆదివారం ఉదయం బకెట్టు నీళ్ళతో, మెత్తని బట్టతో దానిని తుడిచేవారు. మేము చుట్టూ మూగితే, “బండికి కూడా ఆదివారం తలంటు పోయాలిరా, అప్పుడే వారమంతా మాట వింటుంది” అనేవారు. శీతకాలంలో అది ఒకంతట కదిలేది కాదు. వీధి పిల్లలమందరం నెట్టేవాళ్ళం. పదడుగులు పోయాక ఇంజను అందుకొన్నప్పటి మా కేరింతలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆయన గతించిన తరువాత ఆ కారు చెట్టుకింద ఎండకూ వానకూ ఉండిపోయింది. చివరకు తూకానికి వేసి తుక్కు వ్యాపారికి ఇచ్చివేశారు. ఎన్నో ఏళ్ళ తరువాత ఆయన కుమారుడు విదేశంనుండి వచ్చి, “అన్నా, మా నాయన కారు ఫోటో మీ యింట్లో ఏమైనా ఉందా?” అని నన్ను అడిగాడు. వెదికితే ఒకటి దొరికింది. అందులో కారు సగమే పడింది. అతడు ఆ సగాన్నే చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడొక విషయం ఆలోచించాలి. సొంత కారుకు పదిహేనేళ్ళు నిండితే దాని సామర్థ్యాన్ని పరీక్షించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. మరోవైపు, కేంద్రప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వాహనానికి ‘వింటేజ్’ హోదా లభిస్తుంది. నంబరు పలకపై ‘వీఏ’ అనే ప్రత్యేక అక్షరాలు వేస్తారు. అటువంటి వాహనాలను ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చు గాని నిత్యప్రయాణాలకు వాడరాదు. అంటే పదిహేనో ఏట ముసలిదన్న వాహనమే యాభయ్యో ఏట పూజ్యమవుతుందన్నమాట. నడుమ ఉన్నవి ముప్పైఐదేళ్ళు. ఆ కాలంలో దానికి ధర ఉండదు, గౌరవం ఉండదు. ఇరుగుపొరుగు నవ్వుతారు, ఇంట్లోవారు విసుగుకొంటారు. ఆ ముప్పైఐదేళ్ళు ఎవరో ఒకరు ప్రేమతో కాపాడితేనే ఏ వస్తువైనా వారసత్వ సంపద అవుతుంది.

మన ప్రాచీన సాహిత్యం కథ కూడా ఇదే. తాళపత్ర గ్రంథాలు అటకలమీద చెదలు తింటున్న రోజుల్లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వాటిని సేకరించాడు. పండితులకు తన సొమ్ముతో జీతాలిచ్చి, పాఠాంతరాలు పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. ఆయన చేసిన మహోపకారం లేకుంటే ఎన్ని కావ్యాలు మనకు దక్కేవో చెప్పలేము.

పాతకారును బాగుచేయడం తాళపత్రాన్ని పరిష్కరించడం వంటిదే. లేఖకుడు తన సొంత పద్యాన్ని ఇరికిస్తే దానిని ప్రక్షిప్తం అంటాము. పాతకారులో కొత్తరకం ఇంజను పెట్టి, మెరిసే రంగు పూసినా అది ప్రక్షిప్తమే. అందుకే అమెరికాలో సేకర్తలు ఇంజనుపై ఉన్న సంఖ్య ఆ కారుకు మొదట అమర్చిన ఇంజనుదేనా అని శ్రద్ధగా సరిచూస్తారు. మంచి సేకర్త మంచి పరిష్కర్తవలె తన చేతిముద్ర కనబడనీయడు. దొరకని విడిభాగంకోసం నెలల తరబడి వెదకడం, చప్పుడు వినే లోపం కనిపెట్టగల ముసలి మెకానిక్కు వద్ద కూర్చొని విద్య నేర్వడం, మూగవోయిన ఇంజను ఒక ఉదయాన గొంతు విప్పగా వినడం – సేకరణలోని ఆనందమంతా ఇదే. ధనం ఉన్నవాడు కారును కొనగలడు. ఈ ఆనందాన్ని ఓపిక ఉన్నవాడే పొందగలడు.

అంబాసిడర్ కార్ల ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ఆ ఏడాది తయారైన కారుకు యాభై ఏళ్ళు నిండేది 2064లో. అప్పటికి నేటి ఇంటర్మీడియట్ విద్యార్థులు నా వయసువారవుతారు. ఆనాడు తమ పిల్లలకు చూపడానికి ఒక కారు ఉంటుందో, సగం పడిన ఫోటో ఉంటుందో నిర్ణయించవలసింది వారే. ఈసారి చౌరస్తా దాటేటప్పుడు బస్‌భవన్ వైపు ఒకమారు చూడండి. ఆ ఆల్బియన్ బస్సు ఎక్కడికీ పోవడం లేదు. అయినా 1932ను మనదాకా మోసుకొని వచ్చింది.

కఠిన పదాలు – అర్థాలు

మమకారం : నాది అనే భావం, ప్రేమ
పాఠాంతరం : ఒకే రచనకు వేరొక ప్రతిలో కనిపించే మరో పాఠం
లేఖకుడు : ప్రతిని రాసేవాడు
ప్రక్షిప్తం : మూలంలో లేకుండా తరువాత చేర్చినది
పరిష్కర్త : ప్రతులను పోల్చి తప్పులు సరిచేసేవాడు

అభ్యాసం

1. వస్తువు వారసత్వ సంపదగా మారడానికి నడుమనున్న ముప్పైఐదేళ్ళు ఎందుకు కీలకమో వివరించండి.
2. పాతకారును బాగుచేయడాన్ని రచయిత తాళపత్ర పరిష్కరణతో ఎట్లా పోల్చారు?
3. మీ యింట్లోని ఒక పాత వస్తువును గూర్చి పెద్దలను అడిగి, దాని కథను ఒక పుటలో రాయండి.

సంధులు : గ్రంథాలయం = గ్రంథ + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి); మహోపకారం = మహా + ఉపకారం (గుణ సంధి); ప్రత్యేక = ప్రతి + ఏక (యణాదేశ సంధి)

సమాసం : రాజదర్పం – రాజు యొక్క దర్పం (షష్ఠీ తత్పురుష సమాసం)