రోడ్డు పక్క కొట్టుకు చోటెక్కడ? ప్లాను కాగితం చదవడం నేర్చుకుందాం



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగారు. చాలా ఆలోచించి ఈ విషయం ఎంచుకున్నాను. మనలో చాలామంది ఇళ్లలో అమ్మో, నాన్నో తోపుడుబండి మీదో, బడ్డీకొట్టులోనో, గంపలోనో ఏదో ఒకటి అమ్మి మనల్ని చదివిస్తున్నారు. ఆ బండి నిలబడే నాలుగడుగుల చోటు ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఏ కాగితం చూసి నిర్ణయిస్తారు? నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఈ పాఠం కనబడలేదు. అందుకే రాస్తున్నాను.

ఈ ప్రశ్న ఎలా పుట్టింది?

మా అమ్మది టిఫిన్ బండి. నేను ఇంటర్ చదివే రోజుల్లో సెలవుకు ఇంటికెళ్తే బండి పాత చోట లేదు. రోడ్డుకు దూరంగా, ఒక ప్రహరీ గోడ వెనక ఉంది. అడిగితే, "కమిటీలో పాసయింది, మీ వాళ్ల సంతకం కూడా ఉంది" అన్నారట. ఆ సంతకం పెట్టినది మా వీధిలోని బాబాయే. ఆయన్ని అడిగాను. "బల్ల మీద పెద్ద కాగితం పరిచారు. దాని నిండా గీతలే. అందరూ సంతకం పెట్టారు, నేనూ పెట్టాను. గీతలు మాకేం తెలుస్తాయి? చదువుకున్నోళ్లు మీరు చూడాలి" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. స్కేలు ప్రకారం బొమ్మ గీయడం నేను హైస్కూల్లోనే నేర్చుకున్నాను. మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ లెక్కకూ, మా అమ్మ బండికీ సంబంధం ఉందని నాకు తెలియలేదు. అమ్మ బేరం సగానికి పడిపోయాక తెలిసింది.

చట్టం ఏం చెబుతోంది?

రోడ్డు పక్క వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19(1)(జి) అధికరణం కింద ప్రాథమిక హక్కేనని, దానికి సహేతుకమైన పరిమితులు ఉంటాయని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. అయితే ఫలానా చోటే కావాలని పట్టుబట్టే హక్కు లేదని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే వ్యాపారం హక్కు, చోటు మాత్రం నిర్ణయం. కాబట్టి ఆ నిర్ణయం జరిగే చోట మనం ఉండాలి.

ఆ నిర్ణయానికి ఒక పద్ధతి ఏర్పరచడానికి వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. ఇది పట్టణాలకు, నగరాలకు వర్తిస్తుంది. రైల్వే స్థలాలకు వర్తించదు. దీని ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. దానికి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షత వహిస్తారు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఉండాలి. వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి. వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగ వ్యాపారులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. స్వచ్ఛంద సంస్థలకు కనీసం 10 శాతం. పోలీసు, ప్లానింగ్, వైద్య శాఖల వాళ్లు, వర్తక సంఘాలు, కాలనీ సంఘాలు, బ్యాంకుల వాళ్లు కూడా ఉంటారు. 20 మంది కమిటీ అనుకుంటే 8 కుర్చీలు మనవాళ్లవి, అందులో 3 ఆడవాళ్లవి.

ముందు సర్వే జరగాలి. తర్వాత వెండింగ్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఈ రెండూ పూర్తయ్యే దాకా ఉన్నవాళ్లను తొలగించకూడదు. సర్వే కనీసం ఐదేళ్లకొకసారి, వీధి వ్యాపార ప్రణాళిక ఐదేళ్లకొకసారి చేయాలి. ఆ ప్రణాళికను మున్సిపాలిటీ సొంతంగా రాసుకోకూడదు, కమిటీ సిఫార్సు మేరకే తయారు చేయాలి. బాబాయి ముందు పరిచిన కాగితం ఇలాంటి ప్రణాళికలో ఒక ముక్క.

ప్లాను కాగితం చదివే పద్ధతి

ఇప్పుడు అసలు పాఠంలోకి వద్దాం. కాగితం బల్ల మీద ఉందనుకోండి. వరసగా ఇవి చూడాలి.

1. దిక్కు, స్కేలు: ఉత్తరం ఎటుందో బాణం గుర్తు చెబుతుంది. ముందు కాగితాన్ని ఆ దిక్కుకు తిప్పుకోవాలి. తర్వాత స్కేలు చూడాలి. 1:200 అని ఉంటే కాగితం మీద 1 సెంటీమీటరు నేల మీద 2 మీటర్లు. బడ్డీకొట్టు పెట్టె 6 మిల్లీమీటర్లుంటే అసలు లోతు 1.2 మీటర్లు. స్కేలు రాయని ప్లాను మీద సంతకం పెట్టకూడదు. కొలవడానికి వీలు లేని బొమ్మ ప్లాను కాదు.

2. నడిచేవాళ్ల దారి: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. బజారు వీధుల్లో ఇంకా ఎక్కువ కావాలి. ఇళ్లున్న ఒక రోడ్డులో ఫుట్‌పాత్ 3.5 మీటర్లనుకుందాం. కొట్టు లోతు 1.2 పోయింది. కొనేవాళ్లు నిలబడడానికి 0.5 పోయింది. మిగిలింది సరిగ్గా 1.8. కొట్టు సరిపోతుంది. కానీ ముందు ఒక బెంచీ వేస్తే సరిపోదు. చాలా ప్లాన్లలో కొట్టును గీస్తారు గానీ దాని ముందు నిలబడే మనుషులకు చోటు గీయరు. ఆ అర మీటరు మనం అడగాలి.

3. మలుపు: కొట్టు సరిగ్గా మూలమలుపు మీద ఉంటే తిరిగే బండి వాడికి అవతలి మనిషి కనబడడు. బడికి వెళ్లే పిల్లలు దాటే చోట ఇది ప్రమాదం. ఇలాంటి చోట కొట్టు జరపమంటే మనం కూడా ఒప్పుకోవాలి. గుడ్డివాళ్లకూ, చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకూ ఆ దారి మీద హక్కుంది. మన బండి అని మొండిగా వాదిస్తే మిగతా న్యాయమైన మాటలకు కూడా విలువ పోతుంది.

4. జనం ఎటు నుంచి వస్తారు?: ఇది కాగితం మీద కనబడదు. బస్సు దిగేచోటు, ఆసుపత్రి గేటు, స్కూలు గేటు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడి నుంచి జనం నడిచే దారికి బాణాలు గీయాలి. ఒక్క బాణమూ కొత్త కొట్ల దగ్గరికి రాకపోతే ఆ స్థలంలో బేరం ఉండదు. మా అమ్మ విషయంలో జరిగింది ఇదే. స్థలం ఇచ్చారు, గిరాకీ వచ్చే దారి ఇవ్వలేదు.

5. నీళ్లు, లైటు, మరుగుదొడ్డి, చెత్త: టిఫిన్ బండికి నీళ్లు కావాలి. సాయంత్రం బేరానికి లైటు కావాలి. పొద్దున్నే వచ్చి రాత్రి దాకా కూర్చునే ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలి. మురుగు కాలువ ఎటు పారుతుందో చూడాలి. వానాకాలంలో ఆ స్థలం మునుగుతుందో లేదో అక్కడివాళ్లనడిగితే చెబుతారు.

6. సంఖ్య: సర్వేలో తేలిన వ్యాపారులెందరు, ప్లానులో గీసిన పెట్టెలెన్ని? జనాభాలో 2.5 శాతం పరిమితికి లోబడి సర్వేలో ఉన్నవాళ్లందరికీ చోటు చూపాలి. 40,000 జనాభా ఉన్న పట్టణంలో ఇది 1,000 మంది. ఒక జోన్‌లో చోటు చాలకపోతే లాటరీ తీసి, మిగిలినవాళ్లకు పక్క జోన్‌లో చోటివ్వాలి. చోటు లేదు పొమ్మనడానికి వీల్లేదు.

కమిటీలో తరచుగా వచ్చే రెండు మాటలు

ఒకటి: "ఇక్కడ రద్దీ ఎక్కువ." చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం రద్దీ ఒక్కటే కారణంగా ఒక ప్రాంతాన్ని నో వెండింగ్ జోన్ చేయకూడదు. సర్వేలో లేని కొత్తవాళ్లకు సర్టిఫికెట్లు ఇవ్వడం మీద ఆంక్షలు పెట్టవచ్చు.

రెండు: "వీళ్ల వల్ల అపరిశుభ్రం." ఆ అపరిశుభ్రం పూర్తిగా వ్యాపారుల వల్లనే అయి ఉండాలి, మున్సిపాలిటీ తగిన చర్యలతో కూడా పరిష్కరించలేనిదై ఉండాలి. అప్పుడే అది కారణమవుతుంది. కాలువ తీయకపోవడం మున్సిపాలిటీ పని, బండి వాళ్ల తప్పు కాదు.

అలాగే సర్వేలో గుర్తించిన సహజ మార్కెట్‌ను, అంటే ఎప్పటి నుంచో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసే చోటును, నో వెండింగ్ జోన్‌గా ప్రకటించకూడదు. యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న సహజ మార్కెట్‌ను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివాళ్లను కదపకూడదు.

మనం చేయగల పనులు

మొదట, ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలను అడగండి: సర్వేలో పేరుందా? సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఉన్నాయా? లేకపోతే మున్సిపల్ ఆఫీసులో మెప్మా వాళ్లను కలవండి.

రెండోది, కమిటీలో మన ప్రతినిధి ఎవరో తెలుసుకోండి. సమావేశానికి ముందే ప్లాను నకలు అడగమని చెప్పండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసిపెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

మూడోది, టేపు పట్టుకుని స్థలానికి వెళ్లండి. కాగితం మీది కొలత, నేల మీది కొలత ఒకటేనా చూడండి.

నాలుగోది, అభ్యంతరాలు ఒక్క పేజీలో రాసివ్వండి. మినిట్స్ పుస్తకంలో ఎక్కించమని ప్రతినిధి అడగాలి. నోటితో చెప్పింది సమావేశంతోనే పోతుంది.

ఐదోది, స్థలం మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని గుర్తుంచుకోండి. అన్యాయం జరిగితే ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయవచ్చు. దానికి మాజీ సివిల్ జడ్జి లేదా మెజిస్ట్రేట్ అధ్యక్షులుగా ఉంటారు. ప్రభుత్వ, మున్సిపల్ ఉద్యోగులు అందులో సభ్యులుగా ఉండకూడదు.

ముగింపు

మా అమ్మ బండి ఇప్పటికీ ఆ గోడ వెనకే ఉంది. ఈ వ్యాసం చదివి అంతా బాగైపోయిందని అనుకోవద్దు. కాకపోతే చట్టప్రకారం ఐదేళ్లకొకసారి ప్లాను మళ్లీ బల్ల మీదికి రావాలి. కుర్చీలు చట్టం ఇచ్చింది. కాగితం చదివే కళ్లు మన హాస్టల్ ఇచ్చింది. ఆ రెండూ ఒకచోట చేరకపోతే బాబాయి లాంటివాళ్లు ఇంకా సంతకాలు పెడుతూనే ఉంటారు, తప్పు వాళ్లది కాకపోయినా.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ఆదివారం స్టడీ అవర్లో ఒక పని చేయండి. హాస్టల్ గేటు ముందు రోడ్డును టేపుతో కొలిచి, 1:200 స్కేలులో గీయండి. గేటు ఎదురుగా ఉన్న బడ్డీకొట్టును కూడా అందులో పెట్టండి. ఆ కొట్టు ముందు నిలబడే మనుషులకు చోటు వదలడం మరిచిపోకండి.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్)