ఉద్దానం బడికి ఒక ఉత్తరం

విజయనగరం

చి.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఏఐ గురించి నువ్వడిగినవే ఇక్కడ మా స్టాఫ్ రూములోనూ రోజూ అడుగుతున్నారు.

పిల్లలు దాంతో రాయించుకొచ్చారో లేదో ఎలా పట్టుకోవాలన్నావు. పట్టిచ్చే సాధనాలున్నాయని ఎవరైనా చెబితే నమ్మకు. చాట్‌జీపీటీని తెచ్చిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటిదొకటి విడుదల చేసి, సరిగ్గా తేల్చలేకపోతోందని జులైలో తీసేసింది. దాని మాట పట్టుకుని ఒక పిల్లను దొంగను చేస్తే ఆ మచ్చ నువ్వు తుడవలేవమ్మా. అనుమానమొస్తే పక్కన కూర్చోబెట్టుకుని, రాసింది నోటితో చెప్పమను. సొంతంగా రాసిన పిల్ల తడబడినా చెబుతుంది.

అంతకన్నా ముందు ప్రశ్న మార్చు. ‘తుఫాను’ మీద వ్యాసమంటే యంత్రం క్షణంలో రాసిస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటింది మీ పలాస దగ్గరే కదా. నీ ఎనిమిదో తరగతి గుంటలు అప్పటికి పసివాళ్లు. మన జీడితోటలో ఎన్ని చెట్లు కూలాయి, కొబ్బరి ఎంత మిగిలింది, మళ్లీ కాపు చూడ్డానికి ఎన్నేళ్లు పట్టింది? తాతనో అమ్మమ్మనో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకురమ్మను. “ఏటయ్యిందంటే” అని మొదలెట్టినా ఎర్రసిరాతో కొట్టేయకు.

ఇంటిమాట విలువ తెలిసిన మన గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవరల నోట విని సవర భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో గానీ రాలేదు. అన్నేళ్లు విన్నారు! పిల్ల ఇంటిమాట వినే పని మాత్రం ఫోనుకు అప్పగించకు.

లెసన్ ప్లానుకు మాత్రం ఏఐని నిక్షేపంగా వాడుకో. భిన్నాలకు రకరకాల లెక్కలు, బిట్లు, వెనకబడ్డవాళ్లకు తేలిక వాక్యాలు అడుగు, గంటలు కలిసొస్తాయి. బోర్డు మీద రాసేముందు ప్రతిదీ సరిచూడు. కన్యాశుల్కం తొలిసారి 1909లో అచ్చయిందని ఒక యాప్ నాకు ధీమాగా చెప్పింది. తొలి అచ్చు 1897లోది, 1909ది గురజాడవారు తిరగరాసిన రెండో కూర్పు. ఆయన ఊళ్లో ఉన్నవాణ్ణి కాబట్టి పట్టుకోగలిగాను. నాకు తెలియని పాఠమైతే పిల్లలకు అదే చెప్పేసేవాణ్ణని భయమేసింది.

పిల్లల పేర్లు, మార్కులు, ఇంట్లో జబ్బుల సంగతి ఏఐలో ఎక్కించకు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో నలుగుతున్న ఇళ్లు ఎన్నో నీకు తెలుసు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. పదమూడేళ్లు నిండని పిల్లల చేతికి తరగతిలో ఏఐని ఇవ్వొద్దని యునెస్కో కూడా అదే ఏడు సూచించింది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పిల్లలు రాసిన తిత్లీ కాగితాలు పట్టుకురా. అన్నీ చదువుతాను.

మీ మావయ్య