గడువు లోపు

అమ్మలూ,

పార్కింగ్ జరిమానా 14 రోజుల్లో కడితే సగమేనని అదే రోజు కట్టేశానని చెప్పావు. అప్పు పెట్టుకోని పిల్లవని లోలోపల మురిసిపోయాను గానీ, చెట్టుకొమ్మ అడ్డమొచ్చి బోర్డే కనబడలేదన్నావు కదా, ఆ ముక్క వాళ్లకు రాయనే లేదేమిటే అని రాత్రి చాలాసేపు దొర్లుతూనే ఉన్నాను, మీ అమ్మ విసుక్కునేదాకా. ఆ 14 రోజుల్లోపు అభ్యంతరం రాస్తే, కాదన్నా మామూలుగా ఆ సగం అవకాశం మళ్లీ ఇస్తారట మీ లండన్‌లో. అదీ దాటి అప్పీలుకు వెళ్తేనే మొత్తం కట్టాల్సి వస్తుందన్న భయం. తప్పు లేనివాడి చేత కూడా ఆ భయమే డబ్బు కట్టిస్తుంది, నాకు మింగుడుపడనిది అదే.

మన హైదరాబాద్‌లో అంతా తలకిందులు. 2022 మార్చిలో పాత చలాన్లకు టూవీలర్ వాళ్లు 25 శాతం కడితే చాలన్నారు, 2023 డిసెంబరులో 20 శాతమే అన్నారు. చలానా పడగానే మీసేవకు పరుగెత్తి నిండా కట్టొచ్చిన ఎదురింటి మాస్టారు ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు, ఆయన బాధా న్యాయమే. మన పాలాయన మాత్రం, ఫోన్‌లో తన బండి వెనక నంబరు ప్లేటు, దానికి రెండు పక్కలా క్యాన్లు కనబడే ఆ చలానా ఫోటో అందరికీ చూపించుకుంటూ, వాడికల డబ్బులు చేతికొచ్చాక కడతాలే అని ఆగి ఆగి, పావు వంతుతో బయటపడ్డాడు. అదే మీ ఊళ్లో అయితే ఆయన నిండా కట్టేవాడు, నెలజీతం దానివి నువ్వు సగమే కట్టేదానివి. ముందు కట్టడానికి బుద్ధి ఒక్కటే చాలదమ్మా, ఆ వారం చేతిలో డబ్బు కూడా ఆడాలి.

నువ్వు నాలుగో తరగతిలో ఉండగా, పక్క బెంచీ పిల్లకు ఫీజు ఆలస్యమైందని ఫైను వేస్తే, హుండీ పగలగొట్టి ఆ చిల్లరంతా రుమాల్లో మూటకట్టుకుని వెళ్లావు. వాళ్ల నాన్న పని దొరక్క ఇంట్లో ఉన్నాడని మాకు నీ నోటే తెలిసింది.

నీ రూమ్మేటుకూ జరిమానా చీటీ వచ్చిందని, జీతం ఇంకా పడలేదని అన్నావు. తనది తప్పు కాదనిపిస్తే ఇద్దరూ కూర్చుని రాయండి, ఫోటోలు జతచేయండి. తప్పే అయితే, గడువు లోపు నువ్వు కట్టెయ్, తను మెల్లగా ఇస్తుంది. అమ్మ సున్నిపిండి పంపుతోంది.

ఇట్లు,
నాన్న