పిల్లవాడి పాస్‌బుక్కు చూస్తున్నామా?

ప్రతి సంచికలోనూ చదువు గురించి, పోటీ పరీక్షల గురించి పెద్దలు రాస్తూనే ఉన్నారు. ఈసారి నేను తాగుడు, గంజాయి గురించి రాయదలచాను. మన లత్తేరిలోనే ఈ సంవత్సరం ఇద్దరు తల్లులు నన్ను ఈ సంగతి అడిగారు. ఇద్దరూ వాకిట్లో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

నేను బి.కాం. చదివి, బ్యాంకులో 34 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. డాక్టరును కాను. అయినా ఈ విషయం మా ఇంట్లోనే జరిగింది కాబట్టి కొంత తెలుసు. మా అబ్బాయిని అడిగే రాస్తున్నాను. "రాయండి నాయనా, పేరు మాత్రం వద్దు" అన్నాడు.

2009లో వాడు ఇంజనీరింగు మూడో సంవత్సరం. హాస్టలులో ఉండేవాడు. ఖాతా మా బ్రాంచిలోనే. కౌంటరులో పది రూపాయలు తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని పట్టుకునేవాణ్ణి. మావాడి ఖాతాలో మాత్రం శనివారం వస్తే 300, 200, మళ్లీ 200 ఏటీఎంలో తీసినట్టు కనబడుతూనే ఉంది. కొన్నాళ్లకు అది రోజూ అయింది. బిరియానీకనో జెరాక్సులకనో తీస్తున్నాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు కాఫీ గ్లాసు పట్టుకుంటే వాడి చెయ్యి వణికింది. సరిగా తినడం లేదేమో అనుకున్నాను. మా ఆవిడకు వాడి సంచిలో సీసా దొరికింది. చెబితే నేను కొడతానని నాలుగు నెలలు దాచింది. ఆమె అనుకున్నట్టే అయింది. చెప్పిన రోజునే కొట్టాను.

తరువాత చేసింది ఇంకా పెద్ద తప్పు. గుడికి తీసుకెళ్లి ప్రమాణం చేయించి, ఇంట్లో గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టాము. రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తలకు గాయమైంది.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన తరువాతనే మాకు కారణం తెలిసింది. మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మద్యం ఆపేస్తే ఆ పెరిగిన వేగానికి అడ్డు ఉండదు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. ఆ తరువాత కొందరికి మతి తప్పి లేనివి కనపడతాయి. వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. కావున రోజూ బాగా తాగేవాణ్ణి ఇంట్లో బంధించి మాన్పించకూడదు. డాక్టరు చూస్తుండగా మందులతోనే మాన్పించాలి. ఒట్లు, తాళ్లు, పెళ్లి చేస్తే బాగుపడతాడనే మాటలు ఈ పని చేయలేవు. ఈ పెళ్లి మాట గురించి వేరే వ్యాసం రాయవలసి ఉంటుంది. ఇంకొకరి బిడ్డను మందుగా వాడుకోవడం అది.

అంతదాకా పోకముందే పట్టుకునేందుకు డాక్టర్లు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా ఆ మాట ఎత్తితే చిరాకు వచ్చిందా? తప్పు చేస్తున్నానని బాధపడ్డావా? పొద్దున లేవగానే తాగవలసి వచ్చిందా? రెండింటికి అవునంటే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. విద్యార్థులారా, ఇవి మిమ్మల్ని మీరే అడుగుకోవచ్చు. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల లోపువారిలో సుమారు 16 కోట్ల మంది తాగుతున్నారు. అందులో 5.7 కోట్ల మందికి సహాయం అవసరం. కనుక మన ఇంటికి మాత్రమే వచ్చిన అవమానం కాదిది.

తమిళనాడులో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదని నిబంధన. డిగ్రీ చదివేవారిలో ఎక్కువమంది ఆ వయసులోపు వారే. సీసా ఎలా వస్తుందో మీకే తెలుసు.

గంజాయి సంగతి వేరు. వాసన తప్ప తూలడం ఉండదు కాబట్టి ఇంట్లో తెలియదు. జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గుతాయి. కొందరికి లేని గొంతులు వినిపించే జబ్బు కూడా మొదలవుతుంది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల నుంచి బయలుదేరే సరుకు కేరళ వైపు పోయే రైళ్లలో మన కాట్పాడి మీదుగానే పోతుంది. అక్కడ సంచులు పట్టుబడిన వార్తలు తరచు చూస్తున్నాం. "ఈ పొట్లం ఫలానా వాడికి ఇచ్చేయ్, 500 ఇస్తాను" అని విద్యార్థులను వాడుకుంటారు. తాను తాగకపోయినా దగ్గర ఉంటే చాలు, 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కింద నేరమే. కిలో లోపు గంజాయికి ఏడాది దాకా జైలు గానీ, 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 20 కిలోలు మించితే కనీసం పదేళ్లు.

అదే చట్టంలో 64ఏ అనే సెక్షను ఉంది. దీని గురించి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అలవాటు పడినవాడు కొద్దిపాటి సరుకుతో కేసులో ఇరుక్కున్నా, తానుగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతికి వచ్చిన ఆడవాళ్లు పాఠం చదివి, చర్చించుకుని, సారాకు ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. వాళ్లు తమ ఇంటి మగవాళ్ల తాగుడును నలుగురిలో చెప్పుకోగలిగారు. కూలికి పోయే ఆడవాళ్లు చెప్పినది, డిగ్రీలు చదివిన మనం వాకిట్లో గుసగుసలాడుతున్నాం.

మా అబ్బాయికి తొమ్మిది పేపర్లు అరియర్లు పడ్డాయి. వస్తున్న ఉపకార వేతనం ఆగిపోయింది. చికిత్స మధ్యలో రెండుసార్లు జారాడు. నాలుగేళ్ల చదువు ఆరేళ్లు పట్టి 2013లో ముగిసింది. ఇప్పుడు హోసూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు.

మన వైపు వారికి వేలూరు బాగాయంలో సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. మత్తు అలవాట్ల విషయమై 14446కు, మానసిక ఇబ్బందులకు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. అరవం ధారాళంగా రాని తల్లులు మొహమాటపడనక్కరలేదు.

ట్రస్టు వారికి ఒక విన్నపం. రెన్యువల్ ఫారంలో మార్కులు అడుగుతున్నాం, తగ్గితే పేరు కొట్టేస్తున్నాం. వేతనం పోతుందనే భయంతోనే ఇళ్లలో దాస్తున్నారు. చికిత్స కోసం ఒక సెమిస్టరు ఆగిన విద్యార్థికి వేతనం రద్దు చేయక, వాయిదా వేయాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో అడగబోతున్నాను. తల్లిదండ్రులు ఆ రోజు తప్పక రాగలరు.