సాలీడు కాళ్ళు ఎందుకు ముడుచుకుంటాయి?

ఇల్లు ఊడ్చేటప్పుడు బీరువా కిందనో, కిటికీ మూలనో చచ్చిపోయిన సాలీడు మీ కంట పడే ఉంటుంది. అది ఎలా ఉందో గమనించారా? వెల్లకిలా పడి ఉంటుంది. ఎనిమిది కాళ్ళూ పిడికిలి బిగించినట్లు లోపలికి ముడుచుకొని ఉంటాయి. పాపం, ఎంత బాధపడి చచ్చిపోయిందో అనిపిస్తుంది. కాని కాళ్ళు ముడుచుకోవడానికి కారణం బాధ కాదు.

మీ చేతిని మోచేతి దగ్గర ఒకసారి మడిచి, చాచి చూడండి. మడవడానికి ఒక కండరం, చాచడానికి మరొక కండరం పనిచేస్తాయి. సాలీడు కాలిలో ఏడు భాగాలుంటాయి. వాటి మధ్య ఉన్న కీళ్ళలో ముఖ్యమైన రెండింటికి మడిచే కండరాలు ఉన్నాయి గాని, చాచే కండరాలు లేవు. మరి సాలీడు కాలు ఎలా చాచుతుంది? రక్తంతో!

బెంగుళూరులో ఉన్న మీరు లాల్‌బాగ్ చూసే ఉంటారు. అక్కడ తోటమాలి మొక్కలకు నీళ్ళు పట్టేటప్పుడు గొట్టాన్ని గమనించండి. కుళాయి తిప్పకముందు అది మడతలు పడి మెత్తగా ఉంటుంది. నీళ్ళు రాగానే మడతలు విచ్చుకొని గొట్టం బిగుస్తుంది. సాలీడు కాలూ అంతే. తల, రొమ్ము కలిసిపోయిన దాని ముందు భాగంలో కండరాలు బిగిసినప్పుడు రక్తం కాళ్ళలోకి తోసుకువస్తుంది. ఆ ఒత్తిడికి కాళ్ళు చాచుకుంటాయి. మన రక్తంలో ఇనుము ఉన్నట్లు దాని రక్తంలో రాగి ఉంటుంది. అందుచేత అది ఎర్రగా కాక నీలి ఛాయతో ఉంటుంది.

ప్రాణం పోగానే ఈ ఒత్తిడి పోతుంది. కుళాయి కట్టేసినట్లే! ఇక మడిచే బలాన్ని ఎదిరించేది లేక కాళ్ళు ముడుచుకుంటాయి.

2022లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక వింత పని చేశారు. చచ్చిన సాలీడు శరీరంలోకి సూది గుచ్చి గాలి ఎక్కించారు. కాళ్ళు విచ్చుకున్నాయి. గాలి తీసేస్తే ముడుచుకున్నాయి. అలా దానిచేత తన బరువుకంటె ఎక్కువ బరువున్న వస్తువులను సైతం పట్టి లేపించారు!

అయితే ముడుచుకున్న ప్రతి సాలీడూ చచ్చినదని అనుకోకూడదు. ఒంట్లో నీరు బాగా తగ్గినా ఒత్తిడి తగ్గుతుంది, కాళ్ళు ముడుచుకుంటాయి. అటువంటిదానికి సకాలంలో నీటి చుక్క అందితే తిరిగి లేచి నడవవచ్చు. కనుక చీపురు అందుకునే ముందు కాస్త ఆగి చూడండి. చేతితో మాత్రం ముట్టుకోవద్దు.

మరొక పొరపాటు కూడా జరుగుతుంది. సాలీడు పెరిగేటప్పుడు పాములాగే కుబుసం విడుస్తుంది. గూటిలో వేలాడే ఆ పొరను చూసి చచ్చిన సాలీడు అనుకుంటాం. దాని వీపు మీది డొల్ల డబ్బామూతలా తెరుచుకొని ఉంటే అది కుబుసమే. సాలీడు బయటికి వెళ్ళిపోయింది!

నిజంగా చచ్చినదాని లోపలి మెత్తని భాగాలు ఎండిపోతాయి, లేదా చీమల పాలవుతాయి. పై డొల్ల మాత్రం చాలాకాలం నిలుస్తుంది.

కొన్ని సాలీళ్ళ శరీరం చీమలదాకా పోదు. బెంగుళూరు నుంచి చెన్నై వెళ్ళే రైలు దారిలో బంగారుపేట దాటాక చిత్తూరు జిల్లా కుప్పం వస్తుంది. ఆ చుట్టుపక్కల ముళ్ళపొదల మీద గుంపులుగా కాపురముండే సాలీళ్ళున్నాయి. ఒక్కొక్క గూటిలో వందలకొద్దీ ఉంటాయి. వాటి తల్లి, పిల్లలు గుడ్డులోనుంచి వచ్చాక మొదట తాను తిన్న ఆహారాన్ని ద్రవంగా మార్చి వాటి నోటికి అందిస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆమె లోపలి భాగాలే కరిగి ఆ ద్రవంలో కలుస్తాయి. చివరకు పిల్లలు తల్లి మీదికెక్కి మిగిలిన రసాన్ని పీల్చేస్తాయి. ఆమె పారిపోదు. పిల్లలు వేటకు బయలుదేరే నాటికి గూటిలో తల్లి గుర్తుగా ఎండిన డొల్ల ఒక్కటే ఉంటుంది.