వ్రేలాడు సౌధము

చైనాదేశపు దక్షిణతీరమున హాంకాంగు అను నగరము కలదు. కొండలకును సముద్రమునకును నడుమ ఇరుకైన నేలపై వెలసిన ఈ రేవుపట్టణమున స్థలము మిక్కిలి ప్రియము. అందుచే అచ్చటి భవనములు ప్రక్కలకు విస్తరింపక మీదికే పెరిగినవి. వానిలో హాంకాంగు అండ్ షాంఘై బ్యాంకువారి ప్రధాన కార్యాలయము జగత్ప్రసిద్ధమైనది.

ఈ బ్యాంకు 1865వ సంవత్సరమున వర్తకుల అవసరములకై స్థాపింపబడినది. 1935లో కట్టిన భవనము కాలక్రమమున చాలకపోగా, దానిని 1981లో పడగొట్టి, ఆ చోటనే క్రొత్తదానిని నిర్మింప బూనిరి. ఆంగ్లేయుడైన నార్మన్ ఫాస్టరు అను వాస్తుశిల్పి దానికి రూపకల్పన చేసెను. 1985లో పూర్తియైన ఆ సౌధము ఎత్తు సుమారు 179 మీటర్లు.

సాధారణముగా మేడలలో పై అంతస్తుల బరువును క్రింది గోడలును స్తంభములును మోయును. ఇచ్చట అట్లు కాదు. నాలుగేసి ఉక్కుగొట్టములను కూర్చి చేసిన ఎనిమిది మహాస్తంభములు నేలనుండి పైకి లేచినవి. వానికి ఐదు ఎత్తులలో బలమైన ఉక్కుదూలములు బిగింపబడినవి. ఇంటి దూలమునకు కట్టిన ఉట్టిలో కుండలు ఒకదాని క్రింద నొకటి వ్రేలాడునట్లు, ఈ దూలములనుండి అంతస్తులు వరుసలుగా వ్రేలాడుచున్నవి.

దీని నిర్మాణమునకు రేవు మిక్కిలి తోడ్పడినది. ఉక్కుభాగములు బ్రిటనునందును, అద్దములు అమెరికాయందును, నీటివసతిగల గదులు జపానునందును సిద్ధమై సముద్రముమీదుగా వచ్చినవి. భవనమును చల్లబఱచుటకు సముద్రపు నీటినే సొరంగముగుండా రప్పించిరి.

ఎనిమిది స్తంభములు మాత్రమే బరువు మోయుచున్నందున, సౌధము అడుగున గోడలు లేని విశాలస్థలము మిగిలినది. బ్యాంకునకు పోవువారిని కదలుమెట్లు పైకి కొనిపోవును. తక్కినవారు ఒక వీథినుండి మఱియొక వీథికి ఆ నీడలో నడచిపోవుదురు. ఇది కేవలము దానబుద్ధిచే జరిగినది కాదు. ఆ స్థలమును ప్రజలకు విడిచినందులకు బదులుగా, మీద అధిక వైశాల్యము కట్టుకొనుటకు ప్రభుత్వమువారు అనుమతించిరి. అయినను ఆ ఒప్పందపు ఫలము దానితో ఏ సంబంధమును లేనివారికి సైతము దక్కినది.

హాంకాంగునందలి ఇండ్లలో పనిచేయుటకు ఫిలిప్పైన్సునుండి వచ్చిన స్త్రీలు పెక్కుమంది కలరు. నియమానుసారము వారు యజమానుల ఇండ్లలోనే నివసింపవలెను. వారమున కొక్క దినమే సెలవు. ఆ దినమున పోయి కూర్చుండుటకు వారికి తమదగు ఇల్లు లేదు. కావున ఆదివారములందు అనేకులు ఈ సౌధము క్రింద అట్టలు పఱచుకొని గుంపులుగా కూర్చుందురు. తెచ్చుకొన్న ఆహారమును పంచుకొని తిందురు. ఒకరి జడ నొకరు అల్లుదురు. స్వదేశమున విడిచివచ్చిన బిడ్డలను గూర్చి చెప్పుకొందురు. పైన ధనాగారము, క్రింద అలసినవారి విశ్రాంతిస్థలము.

1993లో ఈ బ్యాంకు చేరియున్న సంస్థల కూటమి ప్రధానస్థానమును లండనుకు మార్చిరి. హాంకాంగు బ్యాంకునకు మాత్రము నేటికిని ఇదియే ప్రధాన కార్యాలయము. దీనికంటె ఎత్తైన మేడలు తరువాత ఆ నగరమున అనేకము లేచినవి. ఒక మేడను ఎత్తులో మఱియొకటి మించుట లోకసహజము. కాని సౌధముయొక్క ఘనతను శిఖరమును జూచి మాత్రమే కాక, నేలపై నడచువారికి అది విడిచిన చోటును జూచియు నిర్ణయింపవలెను.