మందకు మొదటి కుక్క

కర్నూలు, కడప మెట్ట ప్రాంతములలో గొఱ్ఱెల మందకు తోడేలు, నక్కల భయము కలదు. ఇందుకై మొదటిసారి కుక్కను పెంచదలచిన రైతు ఒత్తు బొచ్చు సీమకుక్కకై డబ్బు పోయనక్కరలేదు. కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుచు వేడి తగ్గించుకొనును. 40 డిగ్రీలు దాటు మన వేసవికి పలుచని బొచ్చుగల నాటుకుక్కయే తగినది.

మంద వెంట నడచు తల్లికి పుట్టిన పిల్లను ఎన్నుకొనుడు. తల్లిని తప్పక చూడవలెను. అది గొఱ్ఱెపిల్లలను కరచునదైతే ఆ ఈత వద్దు. ఎనిమిది వారములు నిండనిదే పిల్లను వేరు చేయరాదు. చప్పట్లు కొట్టగా ఒకింత బెదరినను మరల దగ్గరకు వచ్చునది మంచిది. మూలనక్కి కదలనిది వద్దు. రంగు, తోక వంపు చూచి బేరమాడువారు కలరు. వానితో పని లేదు. ఉబ్బిన కడుపు బలము కాదు, తరచు ఏలికపాముల గుర్తు. తెచ్చిన నాటినుండి గొఱ్ఱెపిల్లల చెంతనే పెంచుడు.

చచ్చిన గొఱ్ఱె తలను కొందరు పచ్చిగా కుక్కకు వేయుదురు. ఇది మందనే చెరచును. మెదడులోని నీటితిత్తిని తిన్న కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు మలముతో మేతపై పడి గొఱ్ఱెకు చేరును. ఆ గొఱ్ఱె మెదడులోను తిత్తి పెరిగి, ఒకే ప్రక్కకు గిరగిర తిరుగుచు చిక్కి చచ్చును. తలను లోతుగా పాతిపెట్టుడు. బద్దెపురుగు మందును పశువైద్యుని అడిగి కుక్కకు ఇప్పించుడు.

మూడవ నెలలో రేబీస్ టీకా, ఆపై ఏటేట తప్పక వేయించుడు. ఆ వ్యాధి బయటపడిన మనిషి బ్రదుకుట అత్యంత అరుదు. ఏ కుక్క కరచినను పసరు కట్టక, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.